నొక్కకముందు రెండు సెకన్లు

భుజానికి వేలాడే ఈ డబ్బా
కిలోన్నర కూడా ఉండదు.
సాయంత్రానికి మాత్రం పర్లాకిమిడి వీధులన్నీ
ఇందులోకి ఎక్కేసి
మెడనరం పట్టేస్తుంది.

పొద్దున్నుంచీ ఒకటే సీను.
ఆ అమ్మాయి "వెళ్ళకు" అనాలి, అంతే.
అన్నప్పుడల్లా ఏదో ఒకటి.
పై వాటాలో కుక్కరు.
ఒడియాలో అరుస్తూ కూరల బండి,
సందు తిరగ్గానే అదే గొంతు తెలుగులో.
ఎవడి జేబులోనో ఫోను.
కెమెరా ఓకే అంటారు, లైట్లు ఓకే అంటారు,
అందరూ నా వైపు తిరుగుతారు.
అంతమంది కళ్ళు ఒప్పుకున్నదాన్ని
నా రెండు చెవులూ కాదనాలి.
యూనిట్లో నాకు స్నేహితులు తక్కువ.

షూటింగు ఇంటివాళ్ళ ఫ్రిజ్ ప్లగ్గు పీకినప్పుడల్లా
నా బండి తాళం ఆ ఫ్రిజ్‌లోనే పెడతాను.
మళ్ళీ ప్లగ్గు పెట్టకుండా ఊరు దాటలేను.
ఈ పనిలో నాకు ఎవరూ నేర్పనిది
అదొక్కటే.

మూడోరోజు దర్శకుడికి చిన్న రైలు కావాల్సొచ్చింది.
నౌపడా నుంచి గుణుపురం దాకా
మధ్యలో దిగి, పని చూసుకుని,
పరిగెత్తి మళ్ళీ ఎక్కగలిగే ఆ పొగబండి.
పట్టాలు వెడల్పై ఎన్నేళ్ళో అయింది.
లేనిదానికి మైకు ఎటు తిప్పను?

టీకొట్టతను గ్లాసు కడుగుతూ అన్నాడు:
కాశీనగరంలో దండాసి తాతున్నాడు,
ఇంజన్లో బొగ్గేసినోడు,
నోటితో నడిపేస్తాడు బండి.

"ఏటి బాబూ, పళ్ళు నేవు," అన్నాడు తాత.
కాసేపాగి,
"నేకపోతేనే మంచిదిలే. ఆవిరి బాగొస్తాది."

చొక్కా లేదు, తువ్వాలు మడతలో మైకు గుచ్చాను.
కర్ర చివర బొచ్చు తొడుగుని
మనవరాలు మినతి పిల్లనుకుని నిమిరింది,
నా చెవుల్లో ఉరుము.
లెవెలు కోసం అందర్నీ అడిగేదే అడిగాను:
పొద్దున ఏం తిన్నావు తాతా?
"సోడంబలి. ఉల్లిపాయ. నువ్వు తిన్నావేటి?"
గీత మైనస్ పన్నెండు దగ్గర ఆగింది.

పిల్లలాడే ఛుక్ ఛుక్ కాదు.
ముందసలు బండి కదల్లేదు,
గొంతు అడుగున ఎక్కడో నీళ్ళు మరిగాయి.
తర్వాత ఇనుముకీ ఇనుముకీ మధ్య నూనె తక్కువైన చప్పుడు.
పాతపట్నం ఎత్తులో ఒగర్పు.
కూత వేసి, చెవి దగ్గర చెయ్యి పెట్టి,
మిల్లు గోడకి తగిలి తిరిగొచ్చిన కూత కూడా తనే వేశాడు.
"ఇక్కడ ఆపీవోడు డ్రైవరు, ముంజిలు కొనీవోడు,"
అది కూడా రికార్డయింది.
దగ్గొచ్చింది. సూది ఎర్రలోకి దూకింది.
"బొగ్గు తడిసింది," అన్నాడు, మళ్ళీ లాగాడు.

ఈ డబ్బాకి ఒక గుణం.
నొక్కకముందు నుంచే వింటుంటుంది,
విన్నది విన్నట్టు పారబోసుకుంటూ.
నొక్కగానే చివరి రెండు సెకన్లు మాత్రం
పారబోయకుండా ముందు అతికిస్తుంది.
లాడ్జిలో ఆ రాత్రి విన్నాను.
రైలుకి ముందు
ఒక ముసలి ఊపిరి లోపలికి వెళ్ళడం,
"తాతా, మెల్లిగా" అని మినతి.

తర్వాత హైదరాబాదులో
ఎవరో ఏ దేశానిదో ఇంజను తగిలించారు.
బాగుంది, పెద్దగా ఉంది అన్నారు.
పెద్దగానే ఉంది.

ఆ సంగతి ఇంకా తెలియని మధ్యాహ్నం అది.
తాతకి హెడ్‌ఫోన్లు పెట్టాను.
తన బండి తనే ఎక్కినవాడిలా
గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని
చివరిదాకా విన్నాడు.
పొగుడుతాడనుకున్నాను.
మొహం చిట్లించాడు.

"టెక్కలి మర్సిపోనాను.
నౌపడా నుంచి తిన్నగా పాతపట్నం తెచ్చీసినాను బండిని.
జెనం తిట్టుకోరా?
మళ్ళీ నొక్కు."

బ్యాటరీ ఒక్క గీతే ఉంది.
నేనింకా నొక్కలేదు,
అతను అప్పటికే ఊపిరి పీల్చుకుంటున్నాడు.